అలవాటు పడతాయిలే, అన్నాడు మా బాబాయి

మూడేళ్ల కిందట, మే నెల మొదటి వారంలో మా బాబాయి రెండు వేల పండుగప్ప చేప పిల్లల్ని కొన్నాడు. ఒక్కోటి అంగుళం, మహా అయితే అంగుళంన్నర. ఆక్సిజన్ పట్టిన పాలిథిన్ సంచుల్లో రాత్రంతా వ్యాన్‌లో కుదుపులు తిని, తెల్లారి ఎండెక్కే వేళకి కైకలూరు దాటి మా చెరువు గట్టు మీదకి వచ్చాయి. "మంచినీళ్లకి దింపేసిన పిల్లలేనండి, నేరుగా వదిలేసుకోండి" అని అమ్మినవాళ్లు ఫోన్‌లో చెప్పారట. నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవులు కావడంతో ఊళ్లోనే ఉన్నాను. ఒక సంచి మూతి విప్పి, నీళ్లలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది, బాగానే ఉప్పగా ఉంది.

"బాబాయ్, ఇవి ఇంకా సముద్రపు నీళ్లలోనే ఉన్నాయి. నాలుగు రోజులు తొట్టెలో పెట్టి మెల్లగా దింపుదాం" అన్నాను. కూలీలు వెళ్లిపోతామంటున్నారు, ఎండ ముదురుతోంది, తొట్టె ఖాళీగా లేదు. బాబాయి సంచుల్ని అరగంట సేపు చెరువులో తేలేయించి, చెయ్యి పెట్టి చూసి, "చాల్లే, వేడి కలిసింది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "పండుగప్పరా అది. సముద్రంలో పుడుతుంది, ఏట్లో పెరుగుతుంది. దానికి నువ్వు పాఠం చెప్పేదేంటి? అలవాటు పడతాయిలే" అని సంచులన్నీ హాపాలో, అంటే చెరువులో కట్టిన వల గూడులో ఒంపేశాడు.

మూడో రోజుకి సగం పైన పోయాయి. మిగతావి నీళ్ల పైపైన నీరసంగా తిరుగుతూ, మేత చూసినా మూతి తిప్పుకున్నాయి. ఉప్పు తేడా ఒక్కటే వాటిని చంపిందని నేను అనను. రాత్రి ప్రయాణం, కిక్కిరిసిన సంచి, మే నెల ఎండ, అన్నీ తలా ఒక చెయ్యి వేసే ఉంటాయి. పైగా పండుగప్ప మొండి చేపే, సరిగ్గా దింపితే సున్నా ఉప్పులోనూ హాయిగా పెరుగుతుంది. కానీ నాకు కోపం తెప్పించింది ఆ మాట. అలవాటు పడతాయిలే. అదేదో మనం కొత్త ఊరికి బదిలీ అయ్యాక అక్కడి కాఫీకి అలవాటు పడ్డట్టు. ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తున్నాను, నిజానికి నేను కూడా క్లాసులో ఈ మాటని దాదాపు ఇలాగే వాడేశాను. "చేపలు పర్యావరణానికి అనుగుణంగా మారతాయి" అని ఒక వాక్యం రాయించి, ఐదు మార్కుల ప్రశ్న అని చెప్పి, పేజీ తిప్పేశాను. ఎవరు మారుస్తారు, ఎక్కడ మొదలవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది, మధ్యలో ఎంత ఖర్చవుతుంది, ఇవేవీ ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

సరే, ఇప్పుడు చెప్తాను. ముందు ఒక లెక్క.

సముద్రపు నీళ్లలో ఉప్పు దాదాపు 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్లు. చేప రక్తంలో ఉప్పు గాఢతని అదే కొలతలో చూస్తే ఇంచుమించు 10. మంచినీళ్ల చెరువులో సున్నాకి దగ్గర. అంటే సముద్రంలో ఉన్న చేప తన చుట్టూ ఉన్న నీటి కన్నా చప్పన, చెరువులో ఉన్న చేప తన చుట్టూ ఉన్న నీటి కన్నా ఉప్పన. సముద్రంలో ఉన్నంతసేపూ దాని ఒంట్లో నీళ్లు బయటికి పోతూనే ఉంటాయి. అందుకే ఆ చేప సముద్రపు నీళ్లే తాగి, దాంతో వచ్చిన ఉప్పుని మొప్పల్లోంచి బయటికి నెట్టేస్తుంది. మంచినీళ్లలో వ్యవహారం పూర్తిగా తిరగబడుతుంది. నీళ్లు వద్దన్నా ఒంట్లోకి చొరబడతాయి, ఉప్పు జారిపోతుంది. కాబట్టి చేప నీళ్లు తాగడం దాదాపు మానేసి, పల్చటి మూత్రం ధారగా పోస్తూ, మొప్పల్లోంచి ఉప్పుని ఏరుకుని లోపలికి లాక్కుంటుంది. ఈ నెట్టడం, లాక్కోవడం చేసేవి మొప్పల్లో ఉండే ఒక రకం కణాలు. అయనోసైట్లు అంటారు, పాత పుస్తకాల్లో క్లోరైడ్ కణాలు. చెరువు భాషలో చెప్పాలంటే, నీళ్లు తోడిపోసే ఇంజన్ని పీకి, గట్టుకి అవతలి వైపు బిగించి, పైపులన్నీ తిరగేసి మళ్లీ స్టార్ట్ చేయాలి. మా బాబాయి ఆ రోజు ఆ పనికి అరగంట ఇచ్చాడు.

ఈ ఇంజను తిరగేయమని చెప్పేది ఎవరు అన్నది చాలాకాలం పజిల్‌గా ఉండేది. అమెరికా తూర్పు తీరంలో ఉప్పు బురద కాలవల్లో కిల్లీఫిష్ అని వేలెడంత చేప ఉంటుంది. పోటు వస్తే ఉప్పు, వాన వస్తే చప్పన, రెండిట్లోనూ బతుకుతుంది. దాని మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిని, అదే పిట్యూటరీని తీసేస్తే ఏమవుతుందని చూశారు. ఉప్పు నీళ్లలో ఉంచితే బాగానే బతికింది. మంచినీళ్లలోకి మారిస్తే కొద్ది రోజుల్లో చచ్చిపోయింది. ఒంట్లో ఉప్పు కారిపోయి చచ్చిపోయింది. మరి పిట్యూటరీలో ఉన్న బోలెడు హార్మోన్లలో ఏది లేక చచ్చింది? యేల్ యూనివర్సిటీలో గ్రేస్ పిక్‌ఫర్డ్ అనే ఆవిడ తన సహచరుడు ఫిలిప్స్‌తో కలిసి 1959లో దాన్ని తేల్చింది. పిట్యూటరీ లేని ఆ చేపలకి ప్రొలాక్టిన్ ఇస్తే మంచినీళ్లలో కూడా బతికాయి.

ప్రొలాక్టిన్ అంటే మనకి తెలిసింది తల్లిపాల హార్మోన్. బాలింతకి పాలు పడటానికి కావాల్సింది. చేపకి రొమ్ములు లేవు, పాలు లేవు, మరి దాని తలలో ఈ హార్మోన్ ఎందుకుంది? పాలిచ్చే జంతువులు పుట్టకముందే, కోట్ల ఏళ్ల ముందే, ఈ హార్మోన్ చేపల్లో ఉప్పు కారిపోకుండా కాపలా కాస్తోంది. పాల పని తర్వాత దొరికిన ఉద్యోగం. నా క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీ వాళ్లు కూడా ఫోన్లు పక్కన పెట్టారు. మా డిపార్ట్‌మెంటులో అది అరుదైన సంఘటన.

ఇక అసలు గొడవకి వస్తాను. పిట్యూటరీని మనం బళ్లో మాస్టర్ గ్లాండ్ అని చదువుకున్నాం. అన్ని గ్రంథులకీ పెత్తందారు. ఆ తర్వాత ఇంటర్‌లో, కాదు కాదు, దాని మీద కూడా ఒక పెత్తందారు ఉంది, అది మెదడులోని హైపోథాలమస్ అన్నారు. (తెలుగు పుస్తకంలో దాన్ని అధోపర్యంకం అని రాస్తారు, పర్యంకం అంటే మంచం కాబట్టి మంచం కింద అని అర్థం. ఎవరు పెట్టారో గానీ నాకు ఇష్టమైన మాట.) మొత్తానికి పైనుంచి కిందకి హుకుములు దిగే కలెక్టరాఫీసు లాంటి బొమ్మ ఒకటి మన బుర్రల్లో పడిపోయింది. మెదడు చెప్తుంది, పిట్యూటరీ సంతకం పెడుతుంది, మొప్పలూ కిడ్నీలూ అమలు చేస్తాయి.

చేపలో ఈ బొమ్మ నిలబడదు. అది నిలబడదని చూపించింది మనం చిన్నచూపు చూసే తిలాపియా. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా, చెరువుల్లో కలుపు మొక్కలాగా పెరిగిపోయి రైతుల తిట్లు తింటున్న ఆ చేపే. మనుషుల పిట్యూటరీలో రకరకాల కణాలు బాగా కలగాపులగంగా ఉంటాయి. ఎముక చేపల్లో అలా కాదు, ఎవరి పేట వాళ్లది. ముందు భాగంలో ప్రొలాక్టిన్ కణాలు, మధ్యలో గ్రోత్ హార్మోన్ కణాలు, గుడ్లూ పాలసొనా పండించే హార్మోన్ల కణాలు, వెనక భాగంలో రంగు మార్చే హార్మోన్ కణాలు. తిలాపియాలో ఆ ముందు పేట దాదాపు అంతా ప్రొలాక్టిన్ కణాలే, పరాయి వాళ్లు ఎక్కడో ఒకళ్లు. కాబట్టి ఆ ముక్కని కోసి గాజు పళ్లెంలో పెట్టి, మెదడు లేకుండా, నరాలు లేకుండా, రక్తం లేకుండా, ఉత్త కణాల్నే ప్రశ్నలడగొచ్చు.

హవాయిలో గోర్డన్ గ్రావు బృందం ఏళ్ల తరబడి చేసింది ఆ పనే. పళ్లెంలో ద్రవాన్ని కొంచెం పల్చన చేశారు. చేప మంచినీళ్లలో పడితే రక్తం పల్చబడుతుందే, అంత మాత్రమే. కణాలు ప్రొలాక్టిన్ని బయటికి వదిలాయి. ద్రవాన్ని చిక్కబరిస్తే ఆపేశాయి. ఎవరూ హుకుం ఇవ్వలేదు, ఇవ్వడానికి అక్కడ ఎవరూ లేరు కూడా. చుట్టూ పల్చబడగానే నీళ్లు కణంలోకి చొరబడి అది కాస్త ఉబ్బుతుంది. ఉబ్బితే పొర సాగుతుంది. పొర సాగితే దాని మీదున్న కాల్షియం దారులు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి రాగానే, ముందే మూటలు కట్టి పెట్టుకున్న ప్రొలాక్టిన్ బయటపడుతుంది. మొత్తం యంత్రాంగం ఇంతే. నీళ్లు వచ్చాయని తెలియడానికి చెవి అక్కర్లేదు, కన్ను అక్కర్లేదు, వానకి చెక్క తలుపు ఉబ్బి బిగుసుకుంటుందే, అలా.

నేను వాదించేది ఇదే, దీని మీద మా డిపార్ట్‌మెంటులో ఇద్దరు నాతో ఇప్పటికీ ఒప్పుకోరు. చేపలో పిట్యూటరీని పెత్తందారు అనడం తప్పు మాట, తప్పు దోవ పట్టించే మాట. అది ముందు వినే అవయవం. నీళ్లేం చెప్తున్నాయో వింటుంది, రోజు ఎంత పొడుగుందో, నీళ్లు ఎంత వేడెక్కాయో మెదడు ద్వారా వింటుంది, ఒంట్లో కంగారు ఎంతుందో వింటుంది, అప్పుడు మాట్లాడుతుంది. మా వాళ్ల అభ్యంతరం ఏంటంటే, పళ్లెంలో కణాలు ఏం చేసినా బతికున్న చేపలో మెదడు నరాలు నేరుగా పిట్యూటరీలోకే దిగి ఉంటాయి కదా, కళ్లెం మెదడు చేతిలోనే కదా అని. అది నిజమే. మనలో హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి ఒక చిన్న రక్తనాళాల దారిలో సందేశాలు వెళ్తాయి, ఎముక చేపల్లో నరాల కొసలే వచ్చి కణాల పక్కన కూర్చుంటాయి. మెదడు పట్టు ఉంది. కానీ ఉప్పు విషయంలో మెదడు ఏమంటుందో అని ఆ కణం కాచుకుని కూర్చోదు. గుమాస్తాకే ఫైలు మీద సంతకం పెట్టే అధికారం ఉన్న ఆఫీసుని మనం ఎక్కడైనా చూశామా? చేపలో ఉంది.

దీంతో రైతుకి ఏం పని అంటారా? చాలా పనుంది. ప్రొలాక్టిన్ బయటపడటం నిమిషాల్లో, గంటల్లో మొదలవుతుంది, దాని మాట విని మొప్పలు మారడానికి రోజులు పడుతుంది. సముద్రానికి తగ్గ అయనోసైట్లు వెనక్కి తగ్గి, మంచినీళ్లకి తగ్గవి కొత్తగా తయారవ్వాలి. పేగు, కిడ్నీ, మూత్రాశయం కూడా పద్ధతి మార్చుకోవాలి. సముద్రం వైపు వెళ్లే చేపకి ఇదే కథ తిరగేసి నడుస్తుంది. అక్కడ ప్రొలాక్టిన్ తగ్గి, గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ ముందుకొస్తాయి. అందుకే సాల్మన్ పిల్లలు నది వదిలి సముద్రానికి బయల్దేరే ముందు, ఇంకా నదిలో ఉండగానే, పగలు పొడుగవుతున్న కొద్దీ ఒళ్లు వెండి రంగుకి తిరిగి లోపల ఉప్పు నెట్టే సరంజామా సిద్ధం చేసుకుంటాయి. ముందే సర్దుకుని బయల్దేరతాయన్నమాట. మా చెరువుకొచ్చిన పండుగప్పకి సర్దుకునే సమయం ఎవరిచ్చారు? అది తన ఇష్టంతో ఏరు ఎక్కితే మొగలో ఉప్పు, తీపి కలిసే చోట ఆగి, ఒక అడుగు ముందుకి, పోటుతో రెండడుగులు వెనక్కి, అలా వెళ్లేది. మేం దాన్ని సంచిలోంచి ఒంపేశాం.

పైగా కంగారు పడ్డ చేప సంగతి వేరు. వల వేసినా, సంచిలో కుక్కినా, దాని పిట్యూటరీ ఇంకో హార్మోన్ వదిలి కార్టిసాల్ని పెంచుతుంది. దాంతోపాటు మొప్పల్లోకి రక్తం జోరుగా పారి, మంచినీళ్లలో ఉన్న చేపకి ఉప్పు మామూలు కన్నా వేగంగా జారిపోతుంది. బతికున్న చేపల్ని రవాణా చేసేవాళ్లు నీళ్లలో గుప్పెడు కళ్లుప్పు వేసేది ఇందుకే. వాళ్లలో చాలామందికి కారణం తెలీదు, "మా నాన్న వేసేవాడు" అంటారు. నాన్న సరిగ్గానే వేశాడు. చుట్టూ ఉప్పు రక్తానికి దగ్గరగా ఉంటే కారిపోవడానికి ఏమీ ఉండదు.

రంగు సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది బజార్లో రోజూ జరిగే మోసం, ఎవరూ కావాలని చేయకపోయినా. నల్లటి తొట్టెలో పెట్టిన కొర్రమీను నల్లగా నిగనిగలాడుతుంది, తెల్ల బకెట్లో వేసిన కొర్రమీను పాలిపోతుంది. కొనేవాళ్లు పాలిపోయినదాన్ని రోగిష్టిది అని పక్కన పెట్టేస్తారు. కంటికి కనపడే అడుగు రంగుని బట్టి పిట్యూటరీ వెనక భాగంలోని కణాలు చర్మానికి నల్లబడమనో, ఆగమనో చెప్తాయి. రెండూ ఒకే చెరువులోవి, ఒకే రోజు పట్టినవి కావచ్చు. నేను ఎప్పుడూ తెల్ల బకెట్లో దాన్నే అడుగుతాను, రేటు కూడా కాస్త తగ్గుతుంది.

ఇప్పుడు చేపల చేత గుడ్లు పెట్టించే ఇంజెక్షన్ల సంగతి. మా ప్రాంతంలో పిట్యూటరీ అనే మాట డిగ్రీ చదవనివాళ్లకి కూడా తెలుసు. నా చిన్నప్పుడు బాబాయి ఒక హేచరీలో పనిచేసేవాడు. బజార్లో చేపలు కోసే చోట తలకాయలు కొనుక్కొచ్చి, పుర్రె పైకప్పు చిన్న కత్తితో లేపి, మెదడు పక్కకి తోసి, దాని అడుగున చిన్న గుంటలో ఉన్న ఆవగింజంత తెల్లటి ముద్దని చిమటాతో తీసేవాడు. చితికిపోతే పనికిరాదు. తీసినవాటిని ఆల్కహాల్ ఉన్న గోధుమరంగు సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు. అవసరమైన రోజు వాటిని నూరి, స్వేదన జలంలో కలిపి, తేరిన నీటిని సిరంజిలోకి ఎక్కించేవాళ్లు. ఆడ శీలావతి చేపకి కిలో బరువుకి రెండు మూడు మిల్లీగ్రాముల ముద్ద మొదటి డోసు, ఆరు గంటలాగి ఐదు నుంచి ఎనిమిది రెండో డోసు. మగదానికి ఒక్కటే. తెల్లారేసరికి తొట్టెలో గుడ్లు, ఇంకో పద్నాలుగు, పద్దెనిమిది గంటలకి కదిలే స్పాన్, అంటే గుడ్లలోంచి అప్పుడే బయటపడ్డ పిల్లలు. నాకు పదేళ్లప్పుడు అది మంత్రంలా ఉండేది.

ఈ మంత్రం మన దేశంలో శీలావతి లాంటి పెద్ద కార్పు చేపల మీద పారిన రోజు 1957 జూలై 10. ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలికున్హి చేసిన ఆ ప్రయోగం వల్లే ఆ తేదీని ఇప్పటికీ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. అంతకుముందు బ్రెజిల్‌లో రొడోల్ఫో ఫాన్ ఇయరింగ్ 1930లలోనే ఈ దారి వేశాడు. ఇది లేకపోతే కొల్లేరు చుట్టూ ఈ చెరువులు లేవు, లారీలు లేవు, మా బాబాయికి డాబా ఇల్లు లేదు, నా ఫీజులు కూడా ఆ డబ్బే. అందుకని ఇంజెక్షన్ని నేను తిట్టబోవడం లేదు.

కానీ అందులోంచి మనం నేర్చుకున్న పాఠం తప్పు. చెరువులో పెరిగిన బొచ్చె, శీలావతి, మోసు గుడ్డు కట్టుకుంటాయి, పొట్ట ఉబ్బుతుంది, కానీ చివరి మెట్టు ఎక్కవు, గుడ్లు వదలవు. దాన్ని చూసి అందరూ ఏమనుకుంటారు? చేప తలలో హార్మోన్ లేదు, మనం బయటి నుంచి పోస్తున్నాం అని. హార్మోన్ లేకపోవడం ఏమీ లేదు. గుడ్డుని పండించి వదిలించే హార్మోన్, ఎల్‌హెచ్ అంటారు, చెరువు చేప పిట్యూటరీలో నిల్వ ఉంటుంది. వదలడమే లేదు. కెనడాలో రిచర్డ్ పీటర్ బంగారు చేపల మీద పనిచేసి తేల్చింది ఏంటంటే, మెదడు నుంచి దిగే డోపమైన్ అనే రసాయనం ఆ కణాల మీద చెయ్యి పెట్టి నొక్కి ఉంచుతుంది. తూము మూసే ఉంది, చెరువు నిండుగానే ఉంది. తర్వాత చైనాలో లిన్ హావోరాన్‌తో కలిసి ఆయన ఒక పద్ధతి తెచ్చాడు. తెరవమని చెప్పే హార్మోన్ నకలు ఒకటి, డోపమైన్ చేతిని తోసేసే మందు ఒకటి, రెండూ కలిపి ఒకే సూది. ఇప్పుడు మన హేచరీల్లో వాడే ఓవాప్రిమ్‌లో రెండోది డాంపెరిడోన్, అంటే మన ఇళ్లలో వాంతులకి వేసుకునే మాత్రలో ఉండే అదే మందు. అదే డాంపెరిడోన్ మనిషి పిట్యూటరీలో ప్రొలాక్టిన్ని పెంచుతుంది, ఎందుకంటే మనలో డోపమైన్ నొక్కి పెట్టేది దాన్నే. అదే తాళం, ఇంట్లోనే గది వేరు.

సరే, ఆ తూము మూసుకుని ఎందుకుంది? ఎందుకంటే చేప ఎదురుచూసే కబురు రాలేదు. జూన్, జూలైల్లో ఎర్రనీరు తగలాలి, ప్రవాహం ఒంటికి తాకాలి, నీళ్లు చల్లబడాలి, గట్టు ఒరుసుకుని లోతులేని మెరక మీదకి నీళ్లెక్కాలి. చెరువులో ఇవేవీ జరగవు. దీనికి రుజువు బెంగాల్లో ఉంది. బంకురా, మేదినీపూర్ వైపు వాలు నేలల్లో బంధ్‌లు అని ఉంటాయి, వానాకాలంలో నిండి వేసవికి ఎండిపోయే కట్టలు. అక్కడివాళ్లు తొలకరి వాన నీళ్లు పైనుంచి ఉరికి దిగే సమయానికి పొట్టతో ఉన్న కార్పుల్ని ఆ నీళ్లలో వదిలేవాళ్లు. ఒక్క సూది లేకుండా, ఒక్క తలకాయ పగలగొట్టకుండా అవి గుడ్లు పెట్టేవి. చేప అదే, పిట్యూటరీ అదే. నీళ్లు మారాయి. మనం సూదిలో నూరి ఎక్కించేది హార్మోన్ కన్నా ముందు ఒక అబద్ధం, "వరదొచ్చింది" అనే అబద్ధం. అబద్ధం ఉపయోగపడుతోంది, వాడుకుందాం, కానీ దాన్ని నిజమనుకుంటేనే చిక్కు. అప్పుడు ఏ చేప విషయంలోనైనా, "దానికేదో సూది కనిపెడతార్లే" అనే ధీమా వస్తుంది.

ఆ ధీమా పులస దగ్గర బోర్లాపడుతుంది. మా గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పేదేముంది, సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, వరద నీళ్లు తగిలి ఏరెక్కితే పులస. పుస్తెలమ్మైనా తినాలంటారు, ఇప్పుడు రేటు చూస్తే నిజంగానే పుస్తెలు కావాలి. సముద్రపు ఉప్పంతా ఒంట్లోంచి వదిలేసుకుంటుంది కాబట్టి పులసకి ఆ రుచి అని ఒక మాట తిరుగుతుంటుంది. ఆ మాట నేనొప్పుకోను. పైన చెప్పిన లెక్క చూడండి, సముద్రంలో ఉన్నప్పుడు కూడా ఎముక చేప రక్తం సముద్రమంత ఉప్పగా ఉండదు. రెండు చోట్లా అదే గాఢతకి దగ్గరగా నిలబెట్టుకోవడానికే కదా ఈ తంటా అంతా. పులస రుచి ప్రధానంగా దాని కొవ్వులోది, వండే చేతిలోది, కాస్త మన వెర్రిలోది.

పులసకి కావాల్సిన కబురు మొగలో మొదలై ఏటి పొడుగునా రావాలి. ఉప్పు మెట్లు మెట్లుగా తగ్గాలి, వరద ఎదురు తగలాలి, ముందుకు దారుండాలి. ఆ దారి ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. ఆయన బొమ్మకి దండేసే కుటుంబం మాది, ఆ కాలవ నీళ్లతోనే మా ముత్తాతలు తిన్నారు, కాబట్టి ఆనకట్టని తిట్టే నోరు నాకు లేదు. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక పైన అలహాబాదు దాకా ఎక్కే ఇలస రావడం దాదాపు ఆగిపోయిందని మాత్రం గుర్తుంచుకోవాలి. పులస తగ్గిందంటే ప్రతిసారీ మనం చేప పిల్లల్ని తెచ్చి వదలడం గురించే మాట్లాడతాం. వల కన్ను గురించి, వరద రోజుల్లో వేటకి విరామం గురించి, మొగలో పూడిక గురించి, వేసవిలో కిందికి వదిలే నీళ్ల గురించి మాట్లాడం. పిల్లల్ని వదలడం ఫొటోలో బాగా పడుతుంది మరి.

ఇంకోటి కూడా మా ఊరి మీదకి వస్తోంది. కొల్లేరు నీళ్లు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. వేసవిలో పైనుంచి నీళ్లు తగ్గితే పోటుతో ఉప్పు ఎదురెక్కి వస్తుంది. దాని పక్క చెరువుల్లో శీలావతి, బొచ్చె ఉంటాయి. ఇవి తిలాపియా, పండుగప్పల్లాంటివి కావు, పుట్టుకతో మంచినీళ్ల చేపలు. కొంచెం ఉప్పుని ఓర్చుకుంటాయి, ఎక్కువని ఓర్చుకోవు, వాటి దగ్గర తిరగేసే ఇంజను లేదు. ఓర్చుకున్నంత మేర కూడా ఊరికే కాదు. తిన్న మేతలో కొంత ఒంటికి పట్టకుండా ఈ ఉప్పు కాపలాకే ఖర్చవుతుంది. రైతు వచ్చి "మేత తింటోందండీ, బరువు రావట్లేదు" అంటాడు. మందుల షాపువాళ్లు ఓ డబ్బా చేతిలో పెడతారు. చెరువు ఉప్పు కొలిచావా అని అడిగేవాళ్లు తక్కువ. కొలిచే పరికరం ఖరీదు ఆ డబ్బాలు నాలుగైదు కొన్నంత.

పోయినేడు బాబాయి మళ్లీ పండుగప్ప తెప్పించాడు. ఈసారి పిల్లలు వచ్చే ముందే తొట్టె కడిగించాడు, సంచిలో నీళ్లు కొలిపించాడు, 24 వచ్చింది. అమ్మినవాళ్లు ఈసారి కూడా మంచినీళ్లకి దింపినవే అన్నారు. కళ్లుప్పు, బోరు నీళ్లు కలిపి తొట్టెలో కూడా అంతే ఉప్పు పెట్టి, రోజుకి నాలుగైదు పీపీటీ చొప్పున కాలవ నీళ్లు కలుపుతూ ఆరు రోజులు దింపాం. డీజిలు ఖర్చు గురించి ఆరు రోజులూ సణిగాడు. నాలుగో రోజు రాత్రి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఆగితే, లుంగీ ఎగ్గట్టి బకెట్‌తో నీళ్లు తోడి పైనుంచి పోస్తూ గంటన్నర నిలబడ్డాడు. పోయినవి లేకపోలేదు, ముఖ్యంగా పెద్దవి చిన్నవాటిని మింగేశాయి, అది పండుగప్ప బుద్ధి, దానికి ఏ హార్మోన్ని తిట్టాలో నాకు తెలీదు. హాపాలోకి మార్చిన రోజు సాయంత్రానికే మేతకి ఎగబడ్డాయి.

నేను ఉబ్బిపోయి ప్రొలాక్టిన్ కథంతా మళ్లీ మొదలెట్టాను. బాబాయి బీడీ ఆర్పి, "అన్నీ నీ గ్రంథే చేసిందంటావు. మరి బకెట్ మోసింది ఎవర్రా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆ ఉప్పు కొలిచే పరికరం తన దగ్గరే ఉంచమని అడిగాడు, నేను కాలేజీ లాబ్‌ది అని చెప్పినా వినకుండా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.